రెండో పైపు నీళ్లు

"డబ్బా తెరువు! ముందుగాల డబ్బా తెరువు, ముచ్చట తర్వాత."

యాదమ్మ నా ఐస్ డబ్బా పట్టీ పట్టుకొని అటు గుంజుతున్నది, నేను ఇటు గుంజుతున్న. ఊరి నడుమ బోరు కాడ బిందెలు పట్టుకొని నిలబడ్డ ఆడోళ్లందరు మా ఇద్దర్ని సూస్తున్నరు. ఒక్కలు గూడ నడుమల పడుతలేరు.

"పెద్దమ్మా, ఇడిసిపెట్టు. అండ్ల ఖాళీ సీసలే ఉన్నయ్."

"ఖాళీ సీసలకు తాళమెందుకే?"

"తాళం కాదు, క్లిప్పు. లోపల ఐస్ కరగొద్దని."

"నీళ్లకు ఐస్ ఎందుకు? నీళ్లేమన్న చేపలా, మురిగిపోనీకి?"

అందరు ఒక్కసారే నవ్విండ్రు. నాకు గూడ నవ్వొచ్చి పట్టు వదిలిన. డబ్బా మట్టిల పడి తెరుసుకున్నది. ఎనిమిది సీసలు, నీలం రంగు ఐస్ ముద్దలు, ఒక మార్కరు, పేపర్ల చుట్టుకున్న నా చపాతీలు. యాదమ్మ మోకాళ్ల మీద కూసొని డబ్బా అడుగు దాక చెయ్యి పెట్టి తడిమింది.

"మిషనేది? టక్‌టక్ అనే మిషను?"

"నా దగ్గర లేదు పెద్దమ్మా."

"ఆళ్లు గూడ ముందుగాల లేదనే అన్నరు."

ఆళ్లంటే ఎవలో నాకప్పటికి తెల్వదు. సీసలు తుడుసుకొని, బోరు రెండు నిమిషాలు కారనిచ్చి నీళ్లు పట్టుడు మొదలువెట్టిన. యాదమ్మ నా భుజం మీదికెల్లి తొంగి సూస్తనే ఉన్నది. అంత అయినంక ఒక సీస తీసి కొంగుల పెట్టుకున్నది.

"ఇది మా కాడ ఉంటది. రేపు మీరు నీళ్లు మార్చి కాయితం రాస్తే, మాకో సాచ్చెం ఉండాలె గద."

తొమ్మిదేండ్ల నౌకరిల మస్తుమంది సదువుకున్నోళ్ల ఇండ్లల్ల నీళ్లు పట్టిన. ఇంత తెలివున్న మాట ఇంకొక్కలు అనలే.

నవ్వకుండ్రి, నేను రిటైరైన

నాకు ముప్పై ఒకటి. రిటైరైన అంటే మా ఆయన కడుపు పట్టుకొని నవ్వుతడు. తొమ్మిదేండ్లు ఎడమ భుజానికి ఐస్ డబ్బా ఏస్కొని బస్సులల్ల తిరిగితే, ఆ చెయ్యి ఇప్పుడు జడ ఏస్కోనీకి గూడ పైకి లేస్తలేదు. దవాఖానల డాక్టరమ్మ "ఇగ బరువు మోస్తే నీ ఇష్టం" అన్నది. మోసుడే నా పని. మోసుడు బందైతే రిటైరైనట్టే గద.

మా లాబ్ల కొత్తగ ఇద్దరు ఆడపిల్లలు చేరిండ్రు. "అక్కా, జర చెప్పరాదు, ఎట్ల చెయ్యాలె" అని రోజు ఫోన్ చేస్తున్నరు. అందుకే ఇది రాస్తున్న. సీసలెన్ని, ఫారాలెన్ని, జీతమెంత అనేది లాబు నడిపే సార్ చెప్తడు. ఆయన చెప్పని ముచ్చట్లు నేను చెప్త.

నాది పదో తరగతి. ఇంటర్ల ఇంగ్లీషు తప్పిన. మా అమ్మ, నాయిన పోచంపల్లి దిక్కు మగ్గం ఇడిసిపెట్టి కర్మన్‌ఘాట్ల కిరాయికి దిగిండ్రు. నాయిన దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణంల సేల్స్ మనిషి. ఆ దుకాణం మీద మూడో అంతస్తుల నీళ్లు పరీక్ష చేసే లాబు. సీసలు కడగనీకి పిల్ల కావాలని గోడకు రాసి పెడితే నాయిన నన్ను లిఫ్టు కాడ ఇడిసిపెట్టి దుకాణంలకు పోయిండు. గంతే, నా నౌకరి.

ఆర్నెల్లు సీసలు కడిగినంక నీళ్లు తెచ్చే పని ఇచ్చిండ్రు. మొదటి నెలనే తప్పు చేసిన. మామూలు సీసనైతే ఏ నీళ్లు పడుతమో ఆ నీళ్లతోనే మూడు సార్లు కడగాలె. కానీ యురేనియం అసొంటి లోహాలు సూసే సీసల ముందే రెండు చుక్కల యాసిడ్ ఏసి ఇస్తరు. దాన్ని కడగొద్దు. నేను శుభ్రత ఎక్కువై దాన్ని గూడ మూడు సార్లు కడిగి పారబోసిన. ఒక్క రోజు కష్టమంత మోరిల కలిసింది. ఆ దినం సార్ అరుస్తడనుకున్న. అరవలే. "రేపు మళ్లీ వెళ్లు" అన్నడు. ఎండల మళ్ల నూరు కిలోమీటర్లు. అరిసినా బాగుండు.

నాగోల్ అంకుల్

సార్ గురించి చెప్పాలె. ఆయనది గుంటూరు దిక్కు. ఇరవై ఏండ్ల సంది ఇక్కడున్నా మాట మాత్రం మారలే. పని దగ్గర ఆయనంత తెలిసినోన్ని నేను సూడలే.

ఒకసారి నాగోల్ల మూసీ దిక్కున్న అపార్టుమెంటుకు పోయిన. అసోసియేషన్ పెద్దమనిషి ట్రాక్ ప్యాంటు ఏస్కొని గేటు కాడనే నిలబడ్డడు, చేతిల నిండు సీస.

"నేనే పట్టి పెట్టినమ్మా. ఐదంతస్తులు ఎక్కుడు నీకెందుకు తిప్పలు? చాయ్ తాగిపో."

నాకైతే ఎంత మంచోడు అనిపిచ్చింది. చాయ్ తాగిన, సీస తెచ్చిన. రెండ్రోజులకు సార్ పిలిచిండు.

"స్వప్నా, ఇవి ఎవరు పట్టారమ్మా?"

"నేనే సార్."

"మళ్లీ చెప్పు."

"...అంకుల్ పట్టిండు సార్."

"మూసీ పక్కన బోరులో ఇంత శుభ్రమైన నీళ్లు పడితే మనమంతా అక్కడే కాపురం పెట్టొచ్చు. కొన్న నీళ్లమ్మా ఇవి. ఎవరు పట్టారో తెలియని నీళ్లకి నా దగ్గర రిపోర్టు లేదు, వెళ్లి తెచ్చుకో."

మళ్ల పోయి టెర్రస్ ఎక్కి నేనే పట్టిన. ఆ అంకుల్ మొకం మాడ్చుకొని, "ఇంక రెండు ఫ్లాట్లు అమ్ముడు పోవాలె, అర్థం చేస్కోరాదు" అన్నడు. ఆ దినం సంది నాకు అనుమానం రోగం పట్టింది. ఎవలన్న నవ్వుకుంట సీస అందిస్తే ఆళ్ల మొకం కాదు, చేతులు సూస్తున్న. చాయ్ ఇస్తే ఇంక ఎక్కువ సూస్తున్న. ఈ రోగం లేకుంటే ఈ పనికి పనికిరారు. కాకపోతే ఈ రోగంతోని ఎటు సూడాలనో తెల్వాలె. నాకు తెల్వకపాయె. అదే చెప్పబోతున్న.

ఊరి పేరు రాయను

యాదమ్మ ఊరి పేరు నేను రాయను. ఆమెకు మాటిచ్చిన.

ఎల్బీ నగర్ నుంచి సాగర్ దిక్కు బస్సు, దిగినంక ఆటో, ఆటో దిగినంక జర నడక. చుట్టు గుట్టలు. చానేండ్ల కింద ఆ గుట్టలల్లకు జీపులొచ్చినయంట. యాదమ్మ ఆళ్లు అనేది గీళ్లనే. నీళ్ల కోసం సర్వే అని చెప్పి, చేన్లల్ల సన్నటి బోర్లు ఏసి, రాళ్లను పొడుగు పెట్టెలల్ల సర్దుకొని తీస్కపోయిండ్రు. టక్‌టక్ అనే మిషను ఒకటి రాళ్ల మీద పెట్టి సూసేదంట. తర్వాత పేపర్ల వచ్చినంక తెలిసింది, ఆళ్లు ఎతికింది యురేనియం అని. ఊరోళ్లు రోడ్డు మీద కూసున్నరు, కొట్లాడిండ్రు, జీపులు పోయినయ్. బోర్లు మాత్రం ఆడనే ఉన్నయ్. కొన్నిట్ల సిమెంటు పోసిండ్రు, కొన్నిట్లకు ఇనుప మూత, దాని మీద ఎర్ర రంగుతోని నంబరు.

ఆ తర్వాత ఎవలో నీళ్లు పరీక్ష చేస్తే యురేనియం ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నదని తేలింది. ఆ బోర్లతోనే నీళ్లలకు దిగిందా, ఆ రాతిల మొదటి సందే ఉన్నదా అని నన్ను అడుగుతే నాకు తెల్వదు. సార్‌ను అడిగితే "రెండూ అయ్యుండొచ్చు" అన్నడు. ఊరోళ్లకు మాత్రం డౌటే లేదు. "మా భూమికి పొక్కలు పొడిసి దయ్యాన్ని లేపిండ్రు" అంటరు.

నేను సూసింది ఏందంటే, నీళ్లకంటే ముందు అనుమానం పాకుతది. ఆ ఊరి పాలు ఎల్బీ నగర్‌కు వస్తయ్, కానీ క్యాన్ల మీద పక్కూరి పేరుంటది. ఎల్బీ నగర్ చౌరస్తా కాడ సీతాఫలాలు అమ్మే ఒకామె నన్ను సూసి తలకాయ పక్కకు తిప్పుకున్నది. ఆమె ఆ ఊరామెనే. "ఏ ఊరి కాయలమ్మా" అని గిరాకీ అడిగితే ఏదో ఊరి పేరు చెప్పింది, నన్ను సూసుకుంట చెప్పింది, నోరు తెరువకు అన్నట్టు. నేను రెండు కిలోలు కొన్న. మంచిగున్నయ్. ఆ ఊరి పొల్లను పెండ్లికి సూడనీకొచ్చినోళ్లు గూడ ముందు నీళ్ల గురించి అడిగి, చాయ్ తాగకుంట లేసిపోయిండ్రంట.

ఊరోళ్లకేమో డబ్బా పట్టుకొని వచ్చినోళ్లందరి మీద అనుమానం. నన్ను కంపెనీవోళ్లు పంపిండ్రని కొందరు, సర్కారు పంపిందని కొందరు. పంపింది ఒక ట్రస్టోళ్లు. ఆళ్లే ఆ ఊర్ల నీళ్లు శుద్ధి చేసే మిషను పెట్టిచ్చిండ్రు. ఆ మిషను సక్కగ పనిచేస్తున్నదా లేదా అని ఆర్నెల్లకోసారి సూసుడు మా పని. ఐదు జాగలల్ల నీళ్లు పట్టాలె, లిస్టు ఇచ్చిండ్రు. నాలుగు బోర్లు, ఒకటి మిషను కుళాయి.

మంచి రిపోర్టు

మొదటి రిపోర్టు నేనే తీస్కపోయిన. బోర్లు నాలుగు బాగలేవు. మిషను కుళాయి నీళ్లు పక్కా మంచివి.

పంచాయతీ ఆఫీసు ముందర నిలబడి చదివిన. చదువుడేంది, గొంతు చించుకొని చెప్పిన. "బోరు నీళ్లు తాగొద్దు, వండుకోవద్దు. కాగపెట్టినా పోదు, ఇంక చిక్కనైతది. మిషన్లకెల్లి వచ్చే నీళ్లు మంచియి, భయపడకుండ్రి." యాదమ్మ అందరికంటే ముందు కూసున్నది. ఆమె ఆ ఊరి అంగన్‌వాడిల ఆయా. ఇరవై మంది పిల్లలకు అన్నం, పప్పు వండేది ఆమెనే. మిషను నడిపే సైదులు ఆమెకు తమ్ముడు.

"మిషన్లకెల్లి వచ్చినయ్ మంచియే అంటున్నవ్. కాయితం మీద నీ సంతకమున్నదా?" అని అడిగింది.

"మా సార్‌ది ఉన్నది పెద్దమ్మా."

"సార్‌ను నేను సూడలే. నిన్ను సూసిన. నువ్వు పెట్టు."

పెట్టిన. నాకు మస్తు గొప్పగ అనిపిచ్చింది, నిజం చెప్తున్న. ఇంటికి పోయి అమ్మకు గూడ చెప్పిన, నా సంతకం అడిగిండ్రని.

ఆ తర్వాత రెండు సార్లు పోయిన. ప్రతిసారి ఐదు సీసలు, బోర్లు అట్లనే, కుళాయి మంచిగనే. యాదమ్మ మాత్రం మారింది. మొదట్ల నా ఎన్కెన్కనే తిరిగిన మనిషి, ఇప్పుడు నేను అంగన్‌వాడి దిక్కు పోతే దర్వాజల అడ్డం నిలబడేది.

"పిల్లలు పండుకున్నరు. లోపటికి రాకు."

లోపల పిల్లలు "ఏనుగమ్మ ఏనుగు" అని ఒర్లుతున్నరు. పండుకున్నరంట.

"జర వంట కాడ ఏం నీళ్లు వాడుతున్నవో సూస్త పెద్దమ్మా."

"మిషను నీళ్లే. నువ్వు చెప్పినంక బోరు నీళ్లు ముట్టుకుంటనా? ఎండల నిలబడకు, పో బిడ్డా, బస్సు పోతది."

నా అనుమానం రోగం లేసింది. ఈమె ఏదో దాస్తున్నది. గుడ్లు, పప్పు ఇంటికి తీస్కపోతున్నదేమో అనుకున్న. ఎన్నో ఊర్లల్ల సూసిన, అందుకే నాకు ఆ తొవ్వనే కనబడ్డది. ఆమె మీద ఒక చెడ్డ కథ మొత్తం అల్లుకున్న. ఎవలికి చెప్పాలె అని గూడ ఆలోచన చేసిన. ఇయ్యాల రాయనీకి సిగ్గైతున్నది.

గోడ ఎన్క డ్రమ్ము

నాలుగోసారి పోయినప్పుడు జర తొందరగ పోయిన. ఎవలికి చెప్పకుంట మిషను రూము ఎన్క దిక్కుకెల్లి వచ్చిన. యాదమ్మ ఆడ్నే దొరికింది. గోడకు పొక్క, పొక్కలకెల్లి సన్న పైపు, పైపు కింద నీలం డ్రమ్ము. డ్రమ్ముల చెంబు ముంచి బిందె నింపుతున్నది. నన్ను సూసి చెంబు ఇడిసింది.

"పెద్దమ్మా, ఇవేం నీళ్లు?"

ఆమె కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

"బిడ్డా, రాయకు. నీకు దండం పెడత. అంగన్‌వాడికి క్యాన్లు ఇయ్యనీకి ట్రస్టోళ్ల లిస్టుల మా పేరు లేదంట. కార్డున్న ఇండ్లకే అంట. పిల్లలకు బోరు నీళ్లు పొయ్యొద్దని నువ్వే చెప్తివి. మా సైదులు ఈ డ్రమ్ము పెట్టిచ్చిండు. దొంగతనమే, నాకెర్కనే. కానీ పిల్లల కోసమే, ఒక్క చెంబు మా ఇంటికి తీస్కపోలే."

అంటే ఆమె దాస్తున్నది గిదన్నట్టు. పిల్లలకు మంచి నీళ్లు దొంగతనంగ తెస్తున్న అని భయం. నేను రాస్తే ఆ పైపు గూడ మూసేస్తరని భయం.

సైదులు రూమ్‌లకెల్లి ఒచ్చిండు.

"అక్కది తప్పు లేదు చెల్లె, అనేదేమన్న ఉంటే నన్నను. మిషన్ల నుంచి రెండు పైపులొస్తయ్. ముందు పైపుల ఫస్టు రకం, ఈ పైపుల సెకండు రకం. రోజు ఇన్ని నీళ్లు మోరిల పోతుంటే పాణం ఊరుకుంటదా? కరువు సూసిన ఊరు మాది. బర్లకు పోస్తున్నం, పిల్లల వంటకు పోస్తున్నం, ఇంక మిగుల్తే ముసలోళ్లు తీస్కపోతున్నరు."

"ఎన్నొద్దుల సంది?"

"నువ్వు మిషను నీళ్లు మంచియని చెప్పిన కాడ్నుంచి."

ఆ మాట ఇంకా చెవుల్ల ఉన్నది. డ్రమ్ము అడుగుకు తెల్లగ సున్నం లెక్క పేరుకున్నది. నాకెందుకో మంచిగనిపియ్యలే. లిస్టుల లేకున్నా ఆరో సీస తీసి డ్రమ్ము నీళ్లు పట్టిన. యాదమ్మ అడగలే, ఎందుకు పడుతున్నవని. రాయకు అన్న మాట మీదనే ఉన్నది పాపం.

పిల్లలూ, ఈడ జర ఆగి వినుండ్రి. ఎవలో ఏదో దాస్తున్నరంటే చెడే దాస్తున్నరని అనుకోకుండ్రి. నేను యాదమ్మ గుమ్మం మీద ఏడాది పొడుగు అనుమానపడ్డ. మిషను ఎన్క ఇంకో పైపున్నదా, అది యాడికి పోతది అని ఒక్కనాడు అడగలే. అనుమానపడాల్సింది మనం మెచ్చుకున్న దాని మీద గూడ.

లిస్టుల లేని సీస

"ఆరోది ఏమిటమ్మా? మనకు ఐదే కదా?" అన్నడు సార్.

చెప్పిన. ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

"స్వప్నా, ఆ రెండో పైపులో వచ్చేది మిషన్ వద్దని నెట్టేసిన నీళ్లు. మంచినీళ్లన్నీ ముందు పైపులో వెళ్లిపోతాయి, చెడంతా వెనక పైపులో చిక్కగా వస్తుంది. అవి పారబోసే నీళ్లమ్మా. అవి వంటకా?"

"మీకు తెల్సా సార్?"

"ఈ లైన్లో ఉన్న అందరికీ తెలుసు."

"ఆ ఊర్ల ఎవలికి తెల్వదు సార్. నాకు గూడ తెల్వదు."

"నన్నెవరూ అడగలేదుగా."

ఆయన చెడ్డోడు కాదు. ఆ సీసను పరీక్ష చేసే పెద్ద లాబుకు తన పేరు మీద పంపిచ్చిండు. పరీక్షల ఏమొస్తదో సూద్దామని నేను గూడ ఆగిన, వారానికి ఫలితమొచ్చింది. బోరు నీళ్లల్ల ఎంతున్నదో డ్రమ్ము నీళ్లల్ల దగ్గర దగ్గర దానికి రెట్టింపు. ఈ యురేనియం ముందుగాల మూత్రపిండాల మీద పడతది, రోజు తాగితే పిల్లలకు మంచిది కాదు, ఒక్క రోజుకు ఏం కాదని సార్ చెప్పిండు. అంటే బోరు నీళ్లు తాగినా ఆ పిల్లలకు ఇంతకంటే నయముండె. నేను పోయి మంచి చెప్పినంక ఎక్కువ చెడ్డది తాగిండ్రు.

"ఇప్పుడే ఊళ్లో చెప్పకు" అన్నడు సార్. "అది లిస్టులో లేని శాంపిల్. ట్రస్టు వాళ్లకి ఉత్తరం పెడతాను, వాళ్లు చెప్పాలి. మనం చెబితే రేపు మిషన్‌నే తిట్టి మూసేస్తారు, అందరూ మళ్లీ బోరుకే వెళ్తారు. ఒక్క వారం ఆగు."

ఆయన మాటల గూడ నిజమున్నది. ఊరంత యాదమ్మ మీద పడతరని నాకు గూడ భయమే. "పిల్లలకు విషం వండిపెట్టినవ్" అంటే ఆమె బతుకుతదా? కానీ ఒక్క వారమంటే ఆరు సార్ల అన్నం, ఆరు సార్ల పప్పు. ఇరవై మంది పిల్లలకు. నా సంతకం మీద.

లాబు కిందికి దిగిన. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల ఒర్లుడు, హారన్లు. ఒక చెవి మూసుకొని యాదమ్మకు ఫోన్ చేసిన.

"పెద్దమ్మా, రేపటి సంది ఆ డ్రమ్ము నీళ్లు వంటకు పొయ్యకు. అవి బోరు కంటే చెడ్డయి."

ఆమె గొంతు మారింది. మొదటి రోజు డబ్బా గుంజిన గొంతు.

"నిన్న మంచియి అన్నవ్. ఇయ్యాల చెడ్డయంటున్నవ్. ఎవలు చెప్పమన్నరు నీకు?"

"ఎవలు చెప్పలే. పరీక్షల ఒచ్చింది."

"ఏది కాయితం?"

"కాయితం ఇంక ఇయ్యలే."

"కాయితం లేదు. సంతకం లేదు. రాయకు అంటే గూడ రాసినవ్ గద? పైపు మూస్తున్నరు గద? అందుకే గిట్ల చెప్పుమన్నరు. బిడ్డా, దొంగతనమని సక్కగ అను, నేను పడత. పిల్లల నోటి కాడి నీళ్లను విషమనకు."

"పెద్దమ్మా, ఒట్టు..."

పెట్టేసింది. మళ్ల చేస్తే ఎత్తలే. సైదులుకు చేస్తే "అక్క ఏడుస్తున్నది, నువ్వు మళ్ల చెయ్యకు" అన్నడు. బస్టాపుల నిలబడి నేను గూడ ఏడ్సిన. ఒకామె "పర్సు కొట్టేసిండ్రా అమ్మా" అని అడిగింది. అవునన్న. ఏం చెప్పాలె మరి.

తెల్లారి

తెల్లారి లాబుకు పోలే. ఎల్బీ నగర్ల మొదటి సాగర్ బస్సు ఎక్కిన. సార్‌కు చెప్పలే, అమ్మకు చెప్పలే. అంగన్‌వాడి కాడికి పోయేసరికి యాదమ్మ పొయ్యి అంటుపెడుతున్నది. పక్కకు గిన్నెల బియ్యం నానబెట్టి ఉన్నయ్. పిల్లల్ని దించనీకొచ్చిన తల్లులు నలుగురైదుగురు నన్ను సూసి ఆగిండ్రు.

యాదమ్మ నన్ను కూసొమ్మనలే, పొమ్మనలే. లోపటికి పోయి బిందెలకెల్లి చెంబు ముంచి తెచ్చింది. డ్రమ్ము నీళ్లే అని ఇద్దరికీ తెల్సు. నా ముందర పట్టింది.

"ఎండల పడి ఒచ్చినవ్. తాగు."

ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లిస్తరు. ఇచ్చిన నీళ్లు వద్దంటే, ఆ ఇంటిని వద్దన్నట్టే. పెండ్లి సూపులకొచ్చినోళ్లు ఆ ఊర్ల నీళ్లు ముట్టకుంట లేసిపోతే ఎంత మందికి మొకాలు మాడినయో నాకెర్కనే. ఒక్క చెంబు తాగితే నాకేం కాదని గూడ నాకెర్కనే. తాగితే యాదమ్మ మనసు నిలుస్తది. ఆ తల్లులు గూడ ఇంటికి పోతరు. చెంబు చేతుల పట్టుకున్న. సల్లగున్నది. గొంతు ఎండిపోయి ఉన్నది, మూడు గంటల సంది గుక్కెడు నీళ్లు తాగలే.

అందరు నా నోరే సూస్తున్నరు.

"తాగ పెద్దమ్మా," అన్న.

"తాగవా?"

"తాగ. ఇవి తాగ. నేను మంచియని చెప్పింది తప్పు. ఇంకో పైపున్నదని నేను అడగలే. నీది కాదు తప్పు, సైదులన్నది కాదు. సంతకం పెట్టింది నేను."

చెంబు తీస్కపోయి గుమ్మం బయట మట్టిల పోసిన. ఆమె ముందర, ఆమె ఇచ్చిన నీళ్లు. తల్లులల్ల ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఆ ఊరి నీళ్లను ఆ ఊరి గుమ్మం ముందర అంత మర్యాద లేకుంట ఎవలు పారబోసి ఉండరు.

యాదమ్మ తడి మట్టి దిక్కు సూసింది, నా దిక్కు సూసింది. వంగి, నానబెట్టిన బియ్యం గిన్నె ఎత్తి, నీళ్లు మొత్తం ఒంచింది. తర్వాత బియ్యం గూడ బోర్లిచ్చింది.

నేను లోపటికి పోయి రెండు ఖాళీ బిందెలు తీస్కొని, కార్డు లేకున్నా మిషను ముందు కుళాయి కాడ లైన్ల పోయి నిలబడ్డ.